అడిగి చెరిపేసిన ప్రశ్న

నవంబర్ 3, 2025, సోమవారం

ఫస్టియర్ బీఈడీ, ఐసీటీ క్లాసు. ఇవాళ పరీక్ష రాసింది వెబ్‌సైటు. టీచర్ల కోసం కట్టిన ఒక పోర్టల్ ఉంది. పేరెందుకు గానీ, మా ట్రైనీలంతా దాన్ని వాడి తీరాలి. ఐదుగురిని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి ఒకే పని ఇచ్చాను. ఎనిమిదో తరగతి ఘర్షణ పాఠానికి క్లాసులో చూపించదగ్గ ప్రయోగం వీడియో ఒకటి వెతికి తెరవాలి. వెతుకుతున్నంతసేపూ మనసులో ఏమనిపిస్తే అది పైకి అంటూ ఉండాలి. వెనక కూర్చుని రాసుకోవడమే నా పని, సాయం చేయకూడదు. ఈ పద్ధతిలో అన్నిటికన్నా కష్టం అదే. టీచర్ నోరు ఊరుకోదు కదా.

మొదటి అమ్మాయి ‘ఘర్షణ’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టింది, ఫోన్లో అందరం కొట్టినట్టే. ఏమీ రాలేదు. ‘ఫ్రిక్షన్’ అని కొడితే వందల్లో వచ్చాయి, పైనున్నవన్నీ హిందీ. బోర్డు, మీడియం, తరగతి, సబ్జెక్టు ఎంచుకునే పెట్టె తెరిచింది. నాలుగూ ఎంచుకుంది. ‘అప్లై’ అనేది మాత్రం కీబోర్డు కింద దాక్కుని ఉంది. కాసేపు తెర అంతా తడిమి, నా వైపు తిరిగి, ‘‘నేనేదో తప్పు నొక్కినట్టున్నాను మేడం’’ అంది.

ఐదుగురూ ఏదో ఒక చోట ఈ మాటే అన్నారు. ‘నాకు ఫోన్లు పెద్దగా రావు మేడం’, ‘నేను తెలుగు మీడియం కదా మేడం’. వీళ్లే రీల్స్ ఎడిట్ చేసి పాటలు అతికిస్తారు. డొనాల్డ్ నార్మన్ 1988లో తలుపుల గురించి, స్టవ్ నాబ్‌ల గురించి రాసిన పుస్తకంలో ఈ సంగతి పట్టుకున్నాడు: వస్తువు సరిగ్గా చేయకపోతే, వాడేవాడు తనని తాను తిట్టుకుంటాడు. లాగాల్సిన తలుపుకి తోసే పిడి పెట్టినవాడిని ఎవరూ ఏమీ అనరు. అలాంటి తలుపులకి ఇప్పుడు ఆయన పేరే పెట్టి పిలుస్తున్నారు.

రేపు టీచరయ్యేవాళ్లు ‘తప్పు నాదే’ అనుకోవడం నాకు నచ్చలేదు. రేపు వీళ్ల క్లాసులో అర్థం కాని పిల్లవాడు కూడా అచ్చం ఇలాగే అనుకుంటాడు.

నవంబర్ 4

‘‘ఐదుగురితోనే ఎలా తేలుస్తారు మేడం? శాంపిల్ సరిపోదు కదా’’ అన్నాడు మ్యాథ్స్ మెథడాలజీ కుర్రాడు. మంచి ప్రశ్న. బోర్డు మీద లెక్క వేశాం.

జేకబ్ నీల్సన్, థామస్ లాండౌర్ 1993లో చూపించింది ఇది: ఒక మనిషి వాడితే సగటున 31 శాతం లోపాలు బయటపడతాయి. అంటే 69 శాతం కంటపడకుండా ఉండిపోతాయి. రెండో మనిషి ఆ మిగిలినదాంట్లో మళ్లీ 31 శాతం పట్టుకుంటాడు. అలా 0.69ని ఐదుసార్లు గుణిస్తే దాదాపు 0.16. వంద లోపాలుంటే ఐదుగురు అయ్యేసరికి దొరకనివి పదహారు. ఆరో మనిషి, ఏడో మనిషి ఎక్కువగా చూసేది అంతకుముందు చూసినవే. అందుకని ఇరవైమందితో ఒకసారి చేసేకన్నా, ఐదుగురితో చేసి, సరిచేసి, మళ్లీ ఐదుగురితో చేయడం మేలు.

ఆ కుర్రాడు ఊరుకోలేదు. ‘‘ఆ ఐదుగురూ ఒకేలాంటి వాళ్లయితేనో?’’

అదీ అసలు సంగతి. నిన్నటి ఐదుగురూ టౌనువాళ్లే, అందరి దగ్గరా సొంత ఫోను, చేతి నిండా డేటా. మన్యంలోని రంపచోడవరం వైపు నుంచి వచ్చే పిల్లలు ఒక్కరూ లేరు. 31 శాతమనే లెక్క మనుషులందరూ ఒకే తీరుగా తడబడతారన్న నమ్మకం మీద నిలబడింది. అలా తడబడరు.

నవంబర్ 6

ఓటీపీ గురించి వేరే నోట్‌బుక్కే పెట్టాలి.

మా దగ్గర చదువుకునే ఆడవాళ్లలో పెళ్లయినవాళ్లు చాలామంది. పోర్టల్లో రిజిస్టర్ అవ్వాలంటే ఆధార్‌కి ముడిపడిన నంబరుకి ఓటీపీ వెళ్తుంది. ఒకామెకి ఆ నంబరు భర్తది. ఆయన కువైట్‌లో డ్రైవరు. ఈమె ఇక్కడ ‘సెండ్ ఓటీపీ’ నొక్కి వాట్సాప్‌లో కాల్ చేస్తుంది, ఆయన బండి నడుపుతుంటాడు. పక్కన ఆపి ఫోను తీసేసరికి టైమైపోతుంది. మళ్లీ నొక్కితే ‘కాసేపాగి ప్రయత్నించండి’. చివరికి శుక్రవారం ఆయనకి సెలవు కాబట్టి ఆ రోజు చేసుకుందామని నిర్ణయించుకున్నారు.

ఆవిడ ఈ సంగతి నవ్వుతూ చెప్పింది. పోర్టల్ కోర్సుల హాజరు లెక్కలో మాత్రం ఆవిడ ‘కోర్సు మొదలుపెట్టనివారు’ జాబితాలో ఉంది, ఎర్ర రంగులో.

నవంబర్ 8, శనివారం

ఎస్‌యూఎస్ (సిస్టమ్ యూజబిలిటీ స్కేల్) పెట్టాను. 1986లో జాన్ బ్రూక్ అనే ఆయన డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలో పనిచేస్తూ తయారుచేసిన పది వాక్యాల ప్రశ్నాపత్రం. ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. ఒక వాక్యం మెచ్చుకుంటుంది, తర్వాతిది తిడుతుంది, అలా మార్చి మార్చి వస్తాయి. బేసి వాక్యాలకి వేసిన మార్కులోంచి ఒకటి తీసేయాలి, సరి వాక్యాలకైతే ఐదులోంచి ఆ మార్కు తీసేయాలి, అంతా కూడి రెండున్నరతో గుణించాలి. వందకి వస్తుంది. చాలా సైట్ల సగటు 68 దగ్గరుంటుంది. వందకి వచ్చినా అది శాతం కాదు, ఈ మాట మూడుసార్లు చెప్పాను.

మావాళ్ల సగటు 80 దాటింది! వీడియో తెరవలేక చేతులెత్తేసినవాళ్లే ‘నాకు ఇది వాడటం తేలికగా అనిపించింది’కి ఐదు వేశారు.

కారణం అడిగితే కాసేపు నసిగి, ‘‘ప్రభుత్వం మన కోసం పెట్టింది కదా మేడం, బాగోలేదంటే బాగోదు’’ అన్నారు. మర్యాద. పెళ్లి భోజనం ఎలా ఉందని అడిగితే ఉప్పెక్కువైందని ఎవరంటారు? సర్వే కాగితంతో తెలిసేది మర్యాదే. భుజం వెనక నుంచి చూస్తేనే వాడకం తెలుస్తుంది. పేర్లు రాయొద్దని చెప్పి అప్పటికప్పుడే మళ్లీ పెట్టాను. నలభైల్లోకి దిగింది.

నవంబర్ 11, మంగళవారం

జాతీయ విద్యా దినోత్సవం, మౌలానా ఆజాద్ పుట్టినరోజు. ఉదయం నుంచీ గ్రూపుల్లో అవే పోస్టర్లు. సాయంత్రం తీరిగ్గా సెకండియర్ వాళ్ల ఇంటర్న్‌షిప్ వాట్సాప్ గ్రూపు మొదటి నుంచీ చదివాను.

బీఈడీ రెండేళ్లయినప్పటి నుంచి, అంటే 2015 నుంచి, బడుల్లో గడపాల్సింది ఇరవై వారాలు. అందులో పదహారు వారాలు రెండో ఏట. ఈ పిల్లలంతా చుట్టుపక్కల జడ్పీ హైస్కూళ్లలో ఇద్దరిద్దరుగా, ముగ్గురు ముగ్గురుగా ఉన్నారు. ఒకరి క్లాసులో జరిగింది ఇంకొకరికి తెలియాలంటే ఉన్న దారి ఈ గ్రూపే. లైబ్రరీ, స్టాఫ్‌రూమ్, క్యాంటీన్ అన్నీ అందులోనే.

చదువుతుంటే కళ్లకి అడ్డుపడింది ఒకటే: ‘దిస్ మెసేజ్ వాజ్ డిలీటెడ్’. ఎన్నిచోట్లో. రాత్రి పది దాటాక ఎక్కువ. ఒకటి డిలీట్ చేసి వెంటనే ‘సారీ, రాంగ్ గ్రూప్’ అని పెట్టారు. అలా తీసేసినవాళ్లలో ఒకమ్మాయిని పక్కకి పిలిచి అడిగాను, అంతకుముందు ఏం రాశావని.

‘‘ఏం లేదు మేడం. తొమ్మిదో క్లాసులో పిల్లలు అసలు వినడం లేదు, ఎలా కంట్రోల్ చేయాలి అని పెట్టాను. అప్పుడే గుర్తొచ్చింది, గ్రూపులో సూపర్‌వైజర్ సార్ కూడా ఉన్నారు. క్లాసు కంట్రోల్ లేదని మార్కులు వేస్తారేమోనని...’’

రాసి, పంపి, భయపడి, తీసేసింది. ప్రతి చెరిపేసిన మెసేజూ ప్రశ్న కాకపోవచ్చు. కానీ ఇంకొందరిని అడిగితే ఇలాంటి జవాబులే వచ్చాయి. నేర్చుకునేవాళ్లూ మార్కులు వేసేవాళ్లూ ఒకే గదిలో కూర్చుంటే అక్కడ అడగడం ఖరీదైన పని.

ఇప్పుడు ఇంకో తెలివి మొదలైంది: ‘ఓన్లీ అడ్మిన్స్ కెన్ సెండ్ మెసేజెస్’. 2018లో వాట్సాప్ ఈ సదుపాయం ఇచ్చినప్పటి నుంచి విద్యాశాఖ గ్రూపులు నోటీసు బోర్డులైపోయాయి. దాన్ని నెట్‌వర్క్ అంటారా? మైకు అంటారు.

నవంబర్ 14

బాలల దినోత్సవం. ఇంటర్న్‌షిప్ గ్రూపు నిండా పిల్లల ఫొటోలు, వీడియోలు. ఒక బడి వాళ్లు ఫేస్‌బుక్‌లోనూ పెట్టారు, పిల్లల పేర్లతో సహా. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి నియమాలు సరిగ్గా ఇప్పుడే నోటిఫై అయ్యాయి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలన్నది అందులో పెద్ద మాట. గ్రూపులో ఒక లైను పెట్టాను: ఫొటో పెట్టాలంటే వెనక నుంచి తీయండి, లేదా నోట్‌బుక్కులు తీయండి. థమ్స్‌అప్‌లు వచ్చాయి. ఫొటోలూ వస్తూనే ఉన్నాయి.

నవంబర్ 17, సోమవారం

మాట్లాడని వాళ్ల గురించి.

గ్రూపులో సగానికి పైగా ఒక్క మాటా రాయరు. నీల్సన్ 2006లో దీనికో లెక్క చెప్పాడు: ఆన్‌లైన్ సమూహాల్లో వందకి తొంభై మంది చదివి ఊరుకుంటారు, తొమ్మిది మంది అప్పుడప్పుడూ రాస్తారు, మిగిలిన ఒక్కరే గ్రూపంతా నడుపుతారు. మాకూ అలాగే ఉంది. ‘పార్టిసిపేషన్ లేదు, యాక్టివిటీకి మార్కులు పెడదాం’ అన్నారు ఒక సహోద్యోగి. పెడితే ఏమవుతుందో తెలుసు: అందరూ రోజుకొక గుడ్ మార్నింగ్, సూక్తి పంపుతారు.

ఎం.ఎడ్.లో చదివిన లేవ్, వెంగర్ పుస్తకం మళ్లీ తీశాను. 1991 నాటిది, సన్నటి పుస్తకం. అందులో లైబీరియా దర్జీల సంగతి నాకు ఎప్పుడూ ఇష్టం. వాళ్ల దగ్గర చేరిన కుర్రాడు మొదట గుడ్డ కత్తిరించడు. బొత్తాలు కుడతాడు, అంచులు మడుస్తాడు. అంటే బట్ట తయారయ్యే క్రమానికి వెనక నుంచి మొదలుపెడతాడు. పూర్తయిన చొక్కా ఎలా ఉంటుందో చేతికి తెలిశాకే కుట్టు దగ్గరికి, కత్తెర దగ్గరికి వస్తాడు. బొత్తాలు కుట్టే రోజుల్లో తప్పు జరిగినా గుడ్డ పాడవదు. అంచున కూర్చుని చూడటం కూడా పనిలో భాగమే అంటారు లేవ్, వెంగర్, అదీ హక్కుగా.

ఆ లెక్కన చదివి ఊరుకునేవాళ్లు సోమరులు కారు, బొత్తాల దగ్గర ఉన్నారు. కాకపోతే వాళ్లు అక్కణ్నుంచి లోపలికి జరగడానికి మెట్టు ఉందా? దర్జీ కొట్లో ఉంటుంది, గురువే ఒకరోజు ‘ఇక ఇది కుట్టు’ అంటాడు. పోర్టల్లో అలా అనేది ఎవరూ లేరు. ‘కోర్సు పూర్తి: 40 శాతం’ అని మాత్రం ఉంటుంది.

నవంబర్ 19

ఫస్టియర్లో ఒక కుర్రాడికి చూపు లేదు. టాక్‌బ్యాక్‌తో ఫోను వాడతాడు, ఆ గొంతు వేగానికి నాకు ఒక్క ముక్క అర్థం కాదు. పోర్టల్ పరీక్షకి తనూ వస్తానన్నాడు.

హోం పేజీ. వేలితో కుడికి జరుపుతూ ఒక్కొక్కటీ వింటున్నాడు. ముందు పెద్దల ఫొటోలు, వాటంతట అవే తిరుగుతున్నాయి: ‘ఇమేజ్, ఇమేజ్, ఇమేజ్.’ ఫొటో మారినప్పుడల్లా టాక్‌బ్యాక్ మళ్లీ పైకి పోతోంది. అక్కణ్నుంచి తప్పించుకుని కిందికి వస్తే ‘అన్‌లేబుల్డ్, బటన్’. మళ్లీ ‘అన్‌లేబుల్డ్, బటన్’. తర్వాతది కూడా అదే. అవి మనకి భూతద్దం, గంట, మనిషి బొమ్మలుగా కనిపిస్తున్నవి. ఒక్కొక్క బొమ్మకి ఒక్కొక్క మాట రాసి ఉంటే చాలు, కోడ్‌లో అర నిమిషం పని. లాగిన్ దగ్గర వంకర అక్షరాల క్యాప్చా. వినిపించే క్యాప్చా లేదు. అక్కడితో ఆగిపోయింది.

‘‘ఎలా ఉంది?’’ అన్నాను.

‘‘ఇందులో చాలా బటన్లున్నాయని అర్థమైంది మేడం.’’

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. సైటు అడుగున ‘అందరికీ అందుబాటు’ అనే ముద్ర కూడా ఉంది. ఈ కుర్రాడు సోషల్ స్టడీస్ మెథడాలజీలో మా బెస్ట్ ట్రైనీ. నిన్నటి మైక్రోటీచింగ్‌లో ప్రశ్నలు వేయడమనే నైపుణ్యానికి క్లాసు అంతా ఇతన్నే చూసి రాసుకుంది.

నవంబర్ 22, శనివారం

టెట్ గ్రూపులు. వీటిని తక్కువ చేసి మాట్లాడతాం కానీ మా పిల్లల అసలు నెట్‌వర్క్ ఇవే. 16,347 పోస్టుల డీఎస్సీ ఈ ఏడాది ముగిసింది. అందులో టెట్ మార్కులకి 20 శాతం వెయిటేజీ. అందుకే టెలిగ్రామ్ గ్రూపుల్లో వేలమంది. టెలిగ్రామ్ ఒక గ్రూపులో రెండు లక్షల మందిని పట్టనిస్తుంది, వాట్సాప్‌లో 1,024.

ఈ సంవత్సరం అక్కడికి కొత్త జనం వచ్చారు: సర్వీసులో ఉన్న టీచర్లు. సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. రిటైర్మెంట్‌కి ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలిన వాళ్లంతా రెండేళ్లలో టెట్ పాసవ్వాలి. దాంతో పాతికేళ్ల అనుభవం ఉన్న ఎస్జీటీ, మొన్న డిగ్రీ పూర్తిచేసిన మా ట్రైనీ ఒకే గ్రూపులో పక్కపక్కనే. మా ట్రైనీల్లో ఒకమ్మాయి ఒక సంభాషణ చూపించింది.

ఒక ఎస్జీటీ అడిగారు: పియాజేలో కన్సర్వేషన్ అంటే ఏంటండీ, బిట్లు చూస్తే అయోమయంగా ఉంది. ఈ అమ్మాయి పుస్తకంలో ఉన్నట్టే రాసింది: పూర్వ ప్రచాలక దశలో పిల్లలు వెడల్పు గ్లాసులోని నీళ్లు పొడుగు గ్లాసులో పోస్తే ఎక్కువయ్యాయనుకుంటారు, మూర్త ప్రచాలక దశకి వచ్చాక అనుకోరు. ఆయన రాసిన జవాబు: ‘‘ఓ, ఇదా! మా బడిలో రాగిజావ పోసేటప్పుడు ఒకటో క్లాసు వాళ్లు రోజూ ఇదే గొడవ అమ్మా. పొడుగు గ్లాసు వాడికి ఎక్కువ పోశారని ఏడుస్తారు. మూడో క్లాసు వాళ్లు పట్టించుకోరు. ఇన్నేళ్లు చూస్తున్నా, దానికి పేరుందని తెలీదు.’’

అమ్మాయి ఆ మెసేజ్‌కి స్టార్ పెట్టుకుంది. తన రికార్డులో పియాజే దగ్గర ఇప్పుడు రాగిజావ ఉంది.

ఎవరూ డిజైన్ చేయని చోట ఇది జరిగింది. ఆయన ‘అమ్మా’ అన్నారు, ఆమె ‘సార్’ అంది. ఇద్దరికీ అదే పరీక్ష, ఒకరికొకరు మార్కులు వేసుకోవాల్సిన పని లేదు. అయితే ఈ మాట మళ్లీ ఎవరికైనా దొరుకుతుందా? రోజుకి వేల మెసేజ్‌లు, ప్రాక్టీస్ బిట్లు, కోచింగ్ సెంటర్ల ప్రకటనలు. సోమవారానికి అడుగున పడిపోతుంది. పోర్టల్లో పాఠాలున్నాయి, మనుషులు లేరు. గ్రూపుల్లో మనుషులున్నారు, నిన్న చెప్పింది ఇవాళ దొరకదు.

నవంబర్ 25

తెలుగు తెర మీద ఎలా కూర్చుంటుందో చూసే ఓపిక డిజైనర్లలో ఎంతమందికి ఉంది? బటన్ ఎత్తు ఇంగ్లిష్ అక్షరాలకి కొలిచి పెడతారు. ‘శాస్త్రం’ అని పడేసరికి కింద తకారపు, రకారపు ఒత్తులు తెగిపోయి ‘శాసం’లా కనబడుతుంది. మనకి పైన గుడులు, కింద ఒత్తులు. లైనుకి లైనుకి మధ్య అక్షరం ఎత్తుకి ఒకటిన్నర రెట్లయినా చోటు కావాలి. వెబ్ అందుబాటు ప్రమాణాలు ఎప్పుడో చెప్పాయి: అంతగా సాగదీసినా ఏ అక్షరమూ తెగకూడదని.

ఇంకోటి. పోర్టల్లో ఉన్న తెలుగు పీడీఎఫ్‌లు సగం పాత డీటీపీ ఫాంట్లవి. కంటికి తెలుగు, కంప్యూటర్‌కి అర్థం లేని రోమన్ అక్షరాలు. కాపీ చేసి అతికిస్తే చెత్త వస్తుంది, వెతికితే దొరకదు, టాక్‌బ్యాక్ చదివితే ఏడుపొస్తుంది. తెలుగుకి 1991లోనే యూనికోడ్‌లో చోటు వచ్చింది. మంచి పాఠ్యపథకాలు, జిల్లా టీచర్లు రాసినవి, ఆ పీడీఎఫ్‌లలో సమాధి అయి ఉన్నాయి. మొదటి రోజు అమ్మాయి ‘ఘర్షణ’ అని తెలుగు అక్షరాల్లో కొట్టి ఉన్నా ఇవి దొరికేవి కావు.

నవంబర్ 27

రిటైరైన ఒక హెడ్మాస్టరు గారు రికార్డుల వాల్యుయేషన్‌కి వచ్చారు. టీ తాగుతూ పోర్టల్ సంగతి చెబితే ఏపీపీఈపీ రోజులు ఎత్తుకున్నారు. 80ల్లో బ్రిటన్ సాయంతో మొదలైన ప్రాథమిక విద్యా పథకం అది. దాని కింద టీచర్ సెంటర్లు పెట్టారు. చుట్టుపక్కల బడుల టీచర్లు అక్కడ కలిసేవారట. ఒకరు పాఠం చెబితే మిగతావారు వెనక కూర్చుని చూసేవారు. గోడల మీద పిల్లల పనులు అంటించేవారు.

‘‘అందులో సగం మీటింగులు జీతాల మాటలతోనే అయిపోయేవి, అబద్ధం చెప్పకూడదు,’’ అన్నారాయన. ‘‘కానీ సైకిల్ మీద వెనక్కి వచ్చేటప్పుడు, ఇద్దరం కలిసి వచ్చేవాళ్లం చూశారూ, అప్పుడు దొరికేది అసలు ట్రైనింగ్.’’

తర్వాత స్కూల్ కాంప్లెక్స్ మీటింగులు వచ్చాయి, ఇప్పుడూ ఉన్నాయి. బీఈడీ ట్రైనీలకి వాటిల్లో చోటు లేదు. ఇంటర్న్‌షిప్‌లో ఉన్నవాళ్లని ఆ రోజు బడిలో ఉంచి పిల్లల్ని చూసుకోమంటారు!

డిసెంబర్ 1, సోమవారం

సెకండియర్ వాళ్లు ఒక గూగుల్ ఫారం తయారుచేశారు. పేరు అడగదు, ఈమెయిల్ అడగదు, ఓటీపీ లేదు. ఒక్కటే పెట్టె: ‘ఈ వారం క్లాసులో ఏం కుదరలేదు?’ జవాబులు ఒక షీట్‌లో పడతాయి, ఎవరైనా పక్క గడిలో రాయొచ్చు. సూపర్‌వైజర్లకి లింకు ఇవ్వలేదు. నాకు ఇవ్వాలా వద్దా అని ఓటు పెట్టుకున్నారట, తక్కువ మెజారిటీతో గట్టెక్కాను.

మొదటి రెండ్రోజుల్లో వచ్చిన వాటిలో కొన్ని:

‘పిల్లలు నన్ను అక్కా అంటున్నారు. టీచర్ అనమంటే నవ్వుతున్నారు.’

‘ఎనిమిదో క్లాసులో ఒకడికి చదవడం రాదు. అందరిలో చదవమన్నాను. ఏడ్చాడు. మర్నాటి నుంచి రావడం లేదు.’

‘మెంటార్ టీచర్ రోజూ తన క్లాసులన్నీ నాకే ఇచ్చేస్తున్నారు. కాదంటే సర్టిఫికెట్ మీద సంతకం పెట్టరేమో.’

‘ఇంగ్లిష్ మీడియం సెక్షన్లో సైన్స్ చెప్పాలి. నాకే ఇంగ్లిష్ రాదు. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉంది. నేను తెలుగు పేజీ చూసి చెబుతున్నాను. తప్పా?’

ఈ నాలుగో ప్రశ్నకి పక్క గడిలో వచ్చిన జవాబులు చదవాలి. ఒకరు రాశారు, తానూ అదే చేస్తున్నానని. ఇంకొకరు: ముందు తెలుగులో చెప్పి, ఎదురు పేజీలో అదే వాక్యం పిల్లల్నే వెతకమంటున్నాను, వాళ్లు వెతుకుతుంటే నేనూ నేర్చుకుంటున్నాను. మూడో జవాబు: ఫిజిక్స్‌కి ఇది పనిచేస్తుంది, బయాలజీలో పేర్లు భయపెడుతున్నాయి, బొమ్మ గీసి రెండు పేర్లూ పక్కపక్కన రాయిస్తున్నాను. ఒకరు బోర్డు ఫొటో కూడా పెట్టారు. కిరణజన్య సంయోగక్రియ బొమ్మ, ఎడమవైపు తెలుగు పేర్లు, కుడివైపు ఇంగ్లిష్ పేర్లు, ఆకుకి ఆకుపచ్చ సుద్దముక్క దొరక్క పసుపు వాడారు.

నేను పదేళ్లుగా చెబుతున్న ద్విభాషా బోధన యూనిట్‌లో ఇంత సరుకు లేదు.

రెండో ప్రశ్నకి మాత్రం మూడు రోజులైనా పక్క గడి ఖాళీ. ఎవరికీ ఏం రాయాలో తెలియలేదు. నాకు తెలిసింది నేను రాశాను: వాడి ఇంటికి వెళ్లండి, పాఠం ఊసెత్తకండి, వచ్చాక వాడిచేత బోర్డు తుడిపించడమో చాక్‌పీసులు పంచించడమో చేయించండి, చదివించడం ఒంటరిగా ఉన్నప్పుడు. పేరు లేని ప్రశ్న కాబట్టి ఎవరు వెళ్లారో, వెళ్లారో లేదో నాకు తెలియదు. పేరు దాచుకుంటే వచ్చే ఇబ్బంది ఇదే. అడగడం తేలికవుతుంది, ‘తర్వాత ఏమైంది’ అని అడగడానికి మనిషి దొరకడు. అయినా ఇప్పటికి నా ఓటు పేరులేని పెట్టెకే.

డిసెంబర్ 3

పోర్టల్ వాళ్లకి మేం పంపిన లోపాల పట్టికకి జవాబు వచ్చింది. ఫిర్యాదు స్వీకరించారు, టికెట్ నంబరు ఇచ్చారు. పరిస్థితి తెలుసుకోవాలంటే లాగిన్ అవ్వాలట.

డిసెంబర్ 6, శనివారం

షీట్‌ని ఏం చేయాలన్న దాని మీద గంటసేపు వాదన. ‘దీన్నే వెబ్‌సైటు చేద్దాం మేడం’ అంది కంప్యూటర్ తెలిసిన అమ్మాయి. లోగో కూడా గీసేసింది. మ్యాథ్స్ కుర్రాడు అడ్డం తగిలాడు: సైటంటే లాగిన్ వస్తుంది, లాగిన్ వస్తే లెక్కలొస్తాయి, లెక్కలొస్తే మార్కులొస్తాయి.

చివరికి తేలింది ఇది. షీట్ షీట్‌గానే ఉంటుంది. ప్రశ్నలు అడిగినవాళ్ల మాటల్లోనే ఉంచాలి, ‘తరగతి నిర్వహణ సమస్యలు’ లాంటి శీర్షికల కింద సర్దకూడదు. ఎందుకంటే రాత్రి పదింటికి ట్రైనీ వెతికేది ‘పిల్లలు వినట్లేదు’ అనే. ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టినా దొరికేలా పక్కన ఒక వరుస చేర్చాలి. ఈ చాకిరీ ఫస్టియర్‌ది, వాళ్లకి అదే ఐసీటీ ప్రాక్టికల్. వెళ్లిపోయే బ్యాచ్‌లోంచి ఇద్దరు ఇంకో ఏడాది ఉండి జవాబులు రాస్తామన్నారు. డీఎస్సీ వస్తే ఉండరని అందరికీ తెలుసు.

లోగో అమ్మాయి అలిగింది. షీట్ పైన ఒక మూల పెట్టుకోమన్నాను.

వచ్చే వారం ఈ షీట్‌కే పరీక్ష. కూర్చోబెట్టాల్సిన ఐదుగురు ఖాయమయ్యారు: రంపచోడవరం అబ్బాయి, అదీ కాలేజీ వైఫైతో కాకుండా తన ఊరు వెళ్లినప్పుడు తన ఫోన్లోనే; టాక్‌బ్యాక్ కుర్రాడు; కువైట్ నంబరావిడ; టెట్ గ్రూపులో రాగిజావ సంగతి చెప్పిన సారు, ఆయన సరేనన్నారు; ఐదో మనిషిగా, ఇంతవరకూ గ్రూపులో ఒక్క ముక్కా రాయని పిల్లల్లో ఎవరో ఒకరు. ఆ ఐదో మనిషిని ఒప్పించే పని నాకు అప్పజెప్పారు.